ఆరుకు బదులు ఏడు అని చదువుకోగలరు

ఆ సాయంకాల పత్రికకు ఉన్నవి నాలుగే పేజీలు. ఒకటి పూర్తిగా ప్రకటనలు, ఒకటి సగం మరణవార్తలు, మిగిలిన రెండింటిలో ఊరి సంగతులూ సంపాదకుడి ఫొటోలూ. అయినా ఆ పత్రికలో అచ్చుతప్పు పట్టుకున్న మొనగాడు ఇంతవరకు పుట్టలేదని పేరుంది. ఆ పేరు తెచ్చింది సంపాదకుడు కాదు, ప్రూఫులు దిద్దే ఆయన. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క పొల్లు కూడా పోనివ్వలేదు కాబట్టి ఆయన్ని అందరూ పొల్లుగారు అంటారు. అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్ళు వాడరు.

పొల్లుగారికి ఉన్నది ఒకే లోపం. అక్షరం కనిపిస్తుంది, అర్థం కనిపించదు. ఒకసారి సొంత మేనమామ మరణవార్త చేతికొస్తే, 'స్వర్గస్థులైనారు'లో తప్పిపోయిన వత్తు పెట్టి, కాగితం కిందికి పంపి, సాయంత్రం ఇంటికెళ్ళి అక్కడ ఏడుపులు విని ఎవరికేమైందని అడిగిన మనిషి. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. రోజుకు నాలుగు పేజీల లోకాన్ని గుండెకు ఎక్కించుకుంటే ఎవడూ ఇరవై ఆరేళ్ళు బతకడు.

అలాంటి పత్రికకు ఆ ఏడాది ఒక గొప్ప బాధ్యత వచ్చిపడింది. యువత ఆరోగ్యం కోసం పనిచేసే ఒక సంస్థవాళ్ళు ఊళ్ళోని పత్రికలవాళ్ళని ఒక హాల్లో రోజంతా కూర్చోబెట్టి చెప్పారు. పిల్లలకు తమ ఒంటి గురించి ఏమీ తెలియదు, ఇంట్లో చెప్పరు, బళ్ళో ఆ పాఠం రాగానే 'ఇది మీరే చదువుకోండి' అని మాస్టారు పేజీ తిప్పేస్తాడు, కాబట్టి ఇక స్థానిక పత్రికలే నోరు విప్పాలి. అందరికంటే ముందు తల ఊపినవాడు మన సంపాదకుడు. నెలకో పూర్తి పేజీ ప్రకటన ఇస్తామని వాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు.

వారం వారం శనివారం వేయబోయే ప్రశ్నలూ జవాబుల శీర్షిక పేరు దగ్గరే మొదటి గండం వచ్చింది. సంస్థవాళ్ళు 'యువత: లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం' అని రాసి పంపారు. సంపాదకుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని 'లైంగిక' కొట్టేశాడు. 'పునరుత్పత్తి' చూస్తే ఫ్యాక్టరీ గుర్తొస్తోందని దాన్నీ కొట్టేశాడు. ఇక మిగిలింది 'యువత: ఆరోగ్యం'. పక్కన డంబెల్ ఎత్తుతున్న కుర్రాడి బొమ్మ వేయించాడు. మొదటి వారం పదకొండు ఉత్తరాలు వస్తే తొమ్మిది కండలు పెంచడం గురించి, ఒకటి జుట్టు రాలడం గురించి, ఇంకొకటి పత్రిక సమయానికి వేయడంలేదని ఒక చందాదారు పెట్టిన మొర.

జవాబులు రాయడానికి సిస్టరమ్మను పెట్టారు. ముప్ఫై ఏళ్ళుగా ప్రసూతి ఆస్పత్రిలో ఉన్న మనిషి, ఇప్పుడు అక్కడే చిన్న వయసువాళ్ళ క్లినిక్కు చూస్తోంది. మొహమాటం అనే మాట ఆవిడ నిఘంటువులో లేదు. డంబెల్ ఉత్తరాలు చూసి ఒళ్ళు మండి, స్వయంగా కాలేజీలకు వెళ్ళి, మీరు నిజంగా అడగాలనుకున్నవి పేరు లేకుండా రాసి పత్రిక ఆఫీసు గేటు దగ్గర డబ్బాలో వేయండి అని చెప్పి వచ్చింది. మర్నాటికి డబ్బా మూత పడలేదు.

రెండో వారం సంపాదకుడు ఉన్నవాటిలోకెల్లా సాధువైన ప్రశ్న ఏరి వేశాడు. నెలసరి రోజుల్లో తలస్నానం చేయవచ్చా, అంతే. పత్రిక వెలువడిన గంటకే ఫోన్లు మొదలయ్యాయి. మా అబ్బాయి దీన్ని అందరూ భోంచేస్తుండగా పైకి చదివాడని ఒకాయన. మూడో పేజీలో ఆ మాట, సరిగ్గా దాని వెనక నాలుగో పేజీలో మా తాతగారి ఫొటో, మీ కాగితం పలచన, వెలుతురుకు పెడితే ఆ మాట తాతగారి నుదుటి మీద కనిపిస్తోందని ఇంకొకాయన.

సంపాదకుడు పొల్లుగారిని గదిలోకి పిలిచాడు.

"చూడండి పొల్లుగారూ, నేను రాత్రంతా ఆలోచించాను. బూతంతా ప్రశ్నలోనే ఉంది. జవాబులో ఉండేది సైన్సు. ప్రశ్నలు తీసేసి జవాబులు మాత్రం వేద్దాం."

"ఏ జవాబు ఎవరిదో ఎలా తెలుస్తుందండీ?"

"అడిగినవాడికి తెలీదా తనేం అడిగాడో?"

ఆ తర్కానికి పొల్లుగారి దగ్గర దిద్దుబాటు లేదు. అప్పట్నుంచి జవాబులకు ఒకటి, రెండు అని అంకెలు పెట్టి వరసగా వేయడం మొదలైంది. ఎవరికి ఏ అంకె అన్నది ఎవరికీ చెప్పలేదు. డబ్బా తాళం కూడా పొల్లుగారికే ఇచ్చారు, ఈయనకు ఎలాగూ అర్థాలు పట్టవు కాబట్టి చెడిపోయేదేమీ లేదని.

అక్కడితో అయిపోతే బాగుండేది. సిస్టరమ్మ జవాబుల్లో ఒంటి భాగాలకు వాటి పేర్లే రాసేది. ఆ పేర్లు వేస్తే తాతగారి మనవలు ఊరుకోరు. అప్పుడు పొల్లుగారే ఒక ఉపాయం చెప్పాడు. దస్తావేజుల్లో 'సదరు ఆస్తి' అని రాస్తారు కదా, అలా 'సదరు భాగం' అందాం అన్నాడు. సదరు అంటే పైన చెప్పిన అని. పైన ఎవరూ ఏమీ చెప్పలేదన్నది వేరే సంగతి. సంపాదకుడు ఆయన భుజం తట్టాడు. ఆ వారం పత్రికలో 'సదరు భాగాన్ని రోజూ శుభ్రపరచుకోవాలి', 'సదరు భాగం పరిమాణం గురించి బెంగ వద్దు' అని అచ్చయింది. నెల తిరిగేసరికి ఊళ్ళో కుర్రకారు నోట సదరు తప్ప ఇంకో మాట లేదు. కాలేజీలో ప్రిన్సిపాలు 'సదరు విద్యార్థులు ఆఫీసులో కనిపించవలెను' అని నోటీసు చదివితే హాలు హాలంతా బెంచీల కిందికి వంగిపోయింది. రిజిస్ట్రారు ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా దస్తావేజులు పైకి చదివే గుమాస్తా 'సదరు ఆస్తిని తాకట్టు పెట్టి' దగ్గర ఆగిపోయి సెలవు పెట్టాడట. మంచి మాట ఒకటి అలా గంగలో కలిసింది.

ఇక జవాబుల సంగతి. ప్రశ్న లేని జవాబు ఎంత ప్రమాదమో ఆ ఊరికి అప్పుడు తెలిసింది. 'ఇద్దరి ఇష్టమూ ఉండాలి, ఒకరి ఇష్టం చాలదు' అని పడితే, దుకాణం భాగస్వాములిద్దరు తమ గొడవ పత్రికకు ఎవరు చేరవేశారని కొట్టుకున్నారు. 'ముద్దు వల్ల రాదు' అని పడితే ఏం రాదో తెలియక ఊరు వారం రోజులు తల బద్దలు కొట్టుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ప్రతివాడూ ఏదో ఒక అంకెను తనదే అనుకున్నాడు. పత్రిక అమ్మకాలు పెరిగాయి. పొల్లుగారి భార్య ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు చేతులు పైకెత్తి నిలబడి, "ఈ వారం నాలుగోది చూశావా, అది కచ్చితంగా మా తోటికోడలిదే" అని చెప్పుకునేవాళ్ళు. భార్య నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊ కొట్టేది.

ఇలా మూడు నెలలు గడిచాక, ఒక మంగళవారం పొద్దున పొల్లుగారు డబ్బా తెరిచి ఉత్తరాలు బల్ల మీద పోసి ఒక్కొక్కటే చదువుతున్నాడు. ఒక కాగితం దగ్గర చేయి అలవాటుగా ఎర్ర పెన్సిలు అందుకుంది. అందులో 'బాధ'కు వత్తు లేదు, 'బాద' అని ఉంది. వత్తు పెట్టాడు. పెట్టాక చేయి ఆగిపోయింది. ఆ మాటకు వత్తు పెట్టని మనిషి ఆయనకు లోకంలో ఒక్కరే తెలుసు. పలక మీద చేయి పట్టి దిద్దించినప్పటి నుంచి పన్నెండేళ్ళుగా చెపుతున్నాడు, బాధకు వత్తు ఉంటుందమ్మా అని. వినదు. గుండ్రటి చేతిరాత, వాలిన గుడులు, అన్నీ తన కూతురివే.

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి పొల్లుగారు అక్షరాలు వదిలి అర్థం చదివాడు.

'నాకు పదిహేడేళ్ళు. ఏడాది నుంచి నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదు. మొదటి మూడు రోజులు నిలబడలేను, కళ్ళు తిరుగుతాయి. ఈ బాద గురించి అమ్మకు చెపితే ఆడవాళ్ళందరికీ ఉండేదే అంటుంది. అందరికీ ఇలాగే ఉంటుందా? ఇది జబ్బా? ఇంకెవరికి చెప్పాలో తెలియడం లేదు.'

ఆయన అటూ ఇటూ చూసి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేరే కాగితం మీద దాన్ని తన చేత్తో ఎత్తి రాసి మిగతా వాటిలో కలిపాడు. చేతిరాతను బట్టి మనిషిని పట్టేశానన్న చిన్న గర్వం కూడా, పాపం, ఆ కంగారులో ఒక మూల లేకపోలేదు.

ఆ మధ్యాహ్నం ఉత్తరాలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే సిస్టరమ్మ చదువుతూ చదువుతూ ఆ కాగితం దగ్గర ఆగింది.

"ఈ పిల్లను వెంటనే తీసుకురావాలి. ఒంట్లో రక్తం సగానికి సగం పోయుంటుంది. ఎక్కడో మెట్ల మీద పడిపోతుంది, అప్పుడు మోసుకొస్తారు. ఎవరి పిల్ల?"

"ఎవరో."

"ఎవరో అయితే మీకెందుకండీ అన్ని చెమటలు?"

"ఎండగా ఉంది."

సిస్టరమ్మ ఆయన వంక ఒక నిమిషం చూసింది. "పొల్లుగారూ, నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పిల్లలంతా ఒకటే చెపుతారు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, ఎవరికి చెప్పను అంటారు. మీకు తెలిసిన పిల్లయితే పత్రికను నమ్ముకోకండి. నోటితో చెప్పండి."

ఆయన తల ఊపి, ఆవిడ రాసిచ్చిన జవాబులు తీసుకుని వచ్చేశాడు. దారి పొడుగునా మాట కూర్చుకున్నాడు. అమ్మా, నీకు. కాదు. అమ్మా, నెలకు. కాదు. సదరు. ఛీ. ఇంటికి చేరేసరికి ఒక్క వాక్యం కూడా నిలబడలేదు. అచ్చుతప్పుల సైన్యం ఎదురొచ్చినా నిలబడగల మనిషి, బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటున్న కూతురి ముందు నిలబడలేక పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి భార్య దగ్గర చేరాడు.

"పిల్ల కాస్త పాలిపోయినట్టు లేదూ?"

"పరీక్షలు కదండీ. నిద్ర చాలక."

"ఒకసారి డాక్టరుకు చూపిస్తే?"

"ఏముందని చూపిస్తారు? ఆ వయసులో నేనూ అంతే. ఆడపుట్టుక." మిషను ఆపి ఆయన్ని చూసింది. "మీకెవరు చెప్పారు?"

ఉత్తరాల సంగతి బయట చెప్పకూడదన్న నియమం పొల్లుగారికి ఆ క్షణంలో గుర్తొచ్చింది. అంతవరకూ ఆ నియమం మీద ఆయనకు అంత భక్తి లేదు. నోరు మూసుకోవడానికి ఇంత మర్యాదైన కారణం ఉందని ఇప్పుడే తెలిసింది. శనివారం పత్రికలో వస్తుంది కదా, అది చదువుకుని తనే చెపుతుందిలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కర్ర విరగకూడదు, పాము చావాలి.

శనివారం వచ్చింది. ఏడో జవాబు ఆయన ఏరికోరి దిద్దినది. 'ఇది మామూలు కాదు. ఓర్చుకోవద్దు. పెద్దవాళ్ళకు చెప్పి ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకో.' దానికి పైన ఆరోది, నిద్రలో బట్టలు తడుస్తున్నాయని కంగారుపడి రాసిన ఎవరో కుర్రాడికి. 'అది జబ్బు కాదు. నెలకు కొన్నిసార్లు అందరికీ జరిగేదే. ఎవరికీ చెప్పనక్కరలేదు. వయసుతో పాటు దానంతట అదే తగ్గుతుంది.'

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు కూనిరాగం తీస్తోంది. చాలా రోజుల తర్వాత ఆ మొహం తేలిగ్గా ఉంది. పొల్లుగారి ప్రాణం లేచొచ్చింది. తల్లితో చెప్పేసి ఉంటుంది, సోమవారం ఇద్దరూ ఆస్పత్రికి వెళ్తారు అనుకుంటూ పత్రిక తీసి మూడో పేజీ తిప్పాడు. మధ్యలో నీటుగా నాలుగు పలకలుగా ఒక కన్నం ఉంది. వాళ్ళమ్మ కత్తెర తీసుకుని పిల్లే కత్తిరించుకుంది. కన్నానికి పైన ఐదో జవాబు, కింద ఏడో జవాబు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పుండొకచోట మందొకచోట అంటారే, ఆ మందు ఇంటిదాకా వచ్చి పుండు పక్కనే కూర్చుని ఉంది. నాలుగడుగుల దూరంలో పిల్ల కూనిరాగం తీస్తోంది. లేచి వెళ్ళి 'అది నీది కాదమ్మా' అంటే అయిపోయేది. మూడు మాటలు. అందులో చెప్పరాని మాట ఒక్కటి లేదు. కానీ ఆ మూడు మాటలంటే, నీ ఉత్తరం నేను చదివాను అన్నట్టే కదా. ఆయన ధైర్యం అక్కడ చచ్చిపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి ఇంకో ప్రతి తెచ్చి, ఏడో జవాబు చుట్టూ ఎర్ర పెన్సిలుతో గట్టిగా సున్నా చుట్టి కూతురి బల్ల మీద పెట్టాడు. ఇంతకంటే ఎవరైనా ఏం చెప్పగలరు అనుకున్నాడు. సాయంత్రం పిల్లే పత్రిక పట్టుకుని వచ్చింది.

"నాన్నా, ఈ ఏడోది తప్పా?"

"తప్పేం లేదే."

"మరి ఎర్రగీత పెట్టారు."

"ఊరికే. అంటే, చూసుకోవాలి కదా."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. ఇంకేదో అంటాడేమోనని ఆగింది. ఆయన కళ్ళజోడు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. "సరే నాన్నా" అని పిల్ల వెళ్ళిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఎర్రగీత అంటే తప్పు అనే అర్థం. అది పొల్లుగారికి ఆ రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి, ఆయనకు చేతనైన ఒకే దారి. సవరణ. పత్రిక చరిత్రలో సవరణ వేసి ఎరుగరు. అయినా సరేనని పొల్లుగారు కాగితం తీసుకుని రాశాడు: 'గత వారం ఆరో జవాబు అబ్బాయికి ఇచ్చినది. నెలసరి ఇబ్బంది గురించి అడిగిన అమ్మాయికి ఏడో జవాబు.' సంపాదకుడు చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"అబ్బాయి, అమ్మాయి పక్కపక్క వాక్యాల్లోనా? పైగా ఆ మాట మళ్ళీనా? తాతగారిని మర్చిపోయారా?"

"అది కాదండీ, ఎవరైనా పొరపాటున..."

"సవరణ క్లుప్తంగా ఉండాలి. ఆ సంగతి మీకు నేను చెప్పాలా?"

శనివారం పత్రికలో, సంపాదకుడి అమృతహస్తంతో కుదించిన సవరణ ఇలా వెలువడింది: 'గత వారం జవాబులలో ఆరుకు బదులు ఏడు అని చదువుకోగలరు.' అచ్చుతప్పు ఒక్కటి లేదు.

సోమవారం పొద్దున ప్రసూతి ఆస్పత్రి గేటు దగ్గర నూటపదిమంది మగపిల్లలు క్యూ కట్టారు. ఆరో జవాబు చదివి వారం రోజులు గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోయిన వాళ్ళంతా, ఇది మామూలు కాదు, ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకో అని తెలిసి గుండెలు బాదుకుంటూ వచ్చారు. కొందరు వెంట తండ్రుల్ని తెచ్చుకున్నారు. ఆ తండ్రులు కూడా తమ చిన్నప్పటి సంగతి గుర్తొచ్చి లోపల్లోపల వణుకుతున్నారు. కాన్పుకొచ్చిన ఆడవాళ్ళు దారివ్వండని బతిమాలాల్సి వచ్చింది. సిస్టరమ్మ ఆఫీసుకు ఫోను చేసి సంపాదకుణ్ణి తిట్టిన తిట్లలో సదరు అనే మాట ఒక్కసారి కూడా రాలేదు, అన్నిటికీ అసలు పేర్లే వాడింది.

సంస్థవాళ్ళు మాత్రం ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఒక్క వాక్యంతో నూటపదిమంది యువకుల్ని ఆస్పత్రికి నడిపించిన పత్రిక ఇంకెక్కడుంది? దాపరికం లేకుండా మాట్లాడినందుకు ఆ ఏటి షీల్డు ఈ పత్రికకే అన్నారు. గురువారం సాయంత్రం సభ. ప్రశంసాపత్రం ముసాయిదా దిద్దమని పొల్లుగారి చేతికి వచ్చింది. 'జంకుగొంకు లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా, మన బిడ్డలతో మనసు విప్పి' అని మొదలైంది. ఆయన మూడుసార్లు చదివాడు. తప్పు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది, పెన్సిలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముసాయిదా అక్కడే వదిలేసి మిట్టమధ్యాహ్నం ఇంటికి నడిచాడు.

ముందుగదిలో భార్య ఎవరో ఆవిడకు కొలతలు తీస్తోంది. "పిల్ల కాలేజీకి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదట. మీరెందుకొచ్చారు?" అంది. ఆయన నేరుగా లోపలికి వెళ్ళాడు. పిల్ల మంచం మీద లేదు. మంచినీళ్ళ కోసం లేచినట్టుంది, వంటింటి గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడి, ఆయన చూస్తుండగానే గోడ వెంట జారి కింద కూర్చుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. తండ్రిని చూసి లంగా సర్దుకోబోయింది, చేయి లేవలేదు.

పొల్లుగారికి భయమేసింది. ఎన్నడూ అంత భయం వేయలేదు. పిల్ల పక్కన కింద కూలబడి నోరు తెరిచాడు. సొంత మాట ఒక్కటి రాలేదు. రెండు వారాలుగా జేబులో ఉన్న ఉత్తరం మాత్రం వచ్చింది.

"నాకు పదిహేడేళ్ళు. ఏడాది నుంచి నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదు. మొదటి మూడు రోజులు నిలబడలేను, కళ్ళు తిరుగుతాయి..." చివరి దాకా చెప్పాడు.

పిల్ల ఉలిక్కిపడలేదు, సిగ్గుపడలేదు. ఇదంతా తెలిసిందే అన్నట్టు విని, నెమ్మదిగా అడిగింది.

"మరి ఎవరికీ చెప్పనక్కరలేదని ఎందుకు రాశారు నాన్నా?"

"అది నీది కాదమ్మా. ఎవరో అబ్బాయిది. నీది ఏడోది."

"ఏడోదా? దానికి మీరు ఎర్రగీత పెట్టారు కదా. అది నాకు కాదు, తప్పు అని చెపుతున్నారనుకున్నాను. సవరణేమో మగపిల్లలకే అన్నారు కాలేజీలో." కాసేపు ఊపిరి తీసుకుంది. "మీరు చదివి కూడా ఏమీ కాదన్నారంటే నిజంగానే ఏమీ కాదేమో అనుకుని ఓర్చుకున్నాను."

"నేను చదివానని నీకెలా తెలుసు?"

"ఆ డబ్బా తాళం మీ దగ్గరే ఉంటుంది కదా. నా రాత మీకు తెలీదా? సిస్టరమ్మకైతే కాలేజీకి వచ్చినప్పుడే చెప్పేదాన్ని. ఎదురుగా చెప్పడానికి నోరు రాక మీకు రాశాను నాన్నా. ఆ ఉత్తరం మీకే."

పొల్లుగారి కళ్ళజోడు తడిసిపోయి ఏమీ కనిపించలేదు. దాన్ని తీసి నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ మంచం కింద తడిమి, పిల్ల చెప్పులు తీసుకొచ్చి ఒక్కొక్కటే ఆమె కాళ్ళకు తొడిగాడు. రెండు చేతులా లేపి నిలబెట్టాడు.

ముందుగదిలోకి రాగానే భార్య టేపు మెడలో వేసుకుని లేచింది. కొలతలిచ్చే ఆవిడ చేతులు పైకెత్తి అలాగే ఉండిపోయింది.

"ఎక్కడికండీ?"

"ఆస్పత్రికి. పిల్లకి నెలసరి రక్తం ఆగడం లేదు. ఏడాదైంది. నీకు చెప్పింది, నాకు చెప్పింది, మనిద్దరం వినలేదు." పొల్లుగారి గొంతు వీధిదాకా వినిపించింది. "ఆ కత్తెర అవతల పెట్టి రెండో పక్క పట్టుకో."